స్విచ్చి ముందు కుర్చీ



ఈ ఉపన్యాసం ఏ మాస్టారి పేరున జరుగుతోందో ఆయనకు క్లాసులో తల ఊపేవాళ్ళంటే గిట్టేది కాదు. "అర్థమైందండీ" అంటే, "అర్థమైందా, ఊరికే ఒప్పేసుకున్నావా?" అని నిలదీసేవారు. అందుకని ఇవాళ తల ఊపడం గురించే మాట్లాడదామనుకున్నాను. మనిషి పైవాడి మాట అసలెందుకు వింటాడన్నది తత్వవేత్తలు తేల్చుకోవలసిన సంగతి. నా ప్రశ్న అంతకంటే చిన్నది. అదే మనిషి ఒక చోట తల ఊపుతాడు, ఇంకో చోట లేచి వెళ్ళిపోతాడు. ఆ రెండు చోట్లకూ తేడా ఏమిటి?

ఈ ప్రశ్న మీద అందరికంటే ఓపికగా పనిచేసినవాడు స్టాన్లీ మిల్‌గ్రామ్. 1933లో న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో పుట్టాడు, ఐరోపా నుంచి వలస వచ్చిన యూదుల బిడ్డ. 1961 ఆగస్టులో, యేల్ విశ్వవిద్యాలయంలో ఉద్యోగానికి కొత్తగా చేరిన రోజుల్లో, ఈ ప్రయోగాలు మొదలుపెట్టాడు. ఆ ఏడాదే జెరూసలేంలో ఐక్‌మన్ విచారణ జరుగుతోంది. యూదులను మరణ శిబిరాలకు తరలించే ఏర్పాట్లు దగ్గరుండి చూసిన ఆ నాజీ అధికారి, నేను పైవాళ్ళ ఆజ్ఞలు పాటించాను, అంతే, అని బోనులోంచి చెబుతున్నాడు. నాజీలు ప్రత్యేకమైన జాతి మనుషులా, లేక ఎవరైనా అంతేనా అన్నది అప్పుడు ప్రపంచమంతా వేసుకుంటున్న ప్రశ్న. మిల్‌గ్రామ్ దాన్ని ఒక గదిలోకి పట్టుకొచ్చాడు.

యేల్ ఉన్న న్యూ హేవెన్ ఊరి పత్రికలో ప్రకటన వేశారు. జ్ఞాపకశక్తి మీద పరిశోధన, గంటసేపు వస్తే 4 డాలర్లు, దారి ఖర్చులకు 50 సెంట్లు. పోస్టాఫీసు గుమాస్తాలు, హైస్కూలు టీచర్లు, సేల్స్‌మెన్, ఇంజినీర్లు, కూలిపని చేసేవాళ్ళు వచ్చారు. వచ్చినవాడికి అక్కడ ఇద్దరు కనిపిస్తారు. ఒకరు బూడిదరంగు కోటు వేసుకున్న పరిశోధకుడు. రెండోవాడు తనలాగే ప్రకటన చూసి వచ్చినట్టున్న, నలభయ్యేడేళ్ళ మెత్తని మనిషి. ఇద్దరి చేతా చీటీలు తీయిస్తారు, ఎవరు టీచరో ఎవరు విద్యార్థో తేల్చడానికి. రెండు చీటీల మీదా 'టీచర్' అనే రాసి ఉంటుంది. ఆ మెత్తని మనిషి నాటకంలో పాత్రధారి. అతన్ని పక్క గదిలో కుర్చీకి పట్టీలతో బిగించి, మణికట్టుకు తీగ తగిలిస్తారు. మన టీచరు ఇవతలి గదిలో యంత్రం ముందు కూర్చుని మాటల జంటలు చదువుతాడు. అవతలివాడు తప్పు చెప్పినప్పుడల్లా షాకు ఇవ్వాలి, ప్రతిసారీ ఒక మెట్టు పెంచుతూ.

ఆ యంత్రాన్ని కాస్త దగ్గరగా చూడాలి. ముందు పలక మీద ఒకే వరసలో 30 స్విచ్చిలు. మొదటిది 15 వోల్టులు, చివరిది 450. స్విచ్చి నొక్కగానే ఎర్ర దీపం వెలుగుతుంది, జుయ్యిమని చప్పుడొస్తుంది, మీటరు ముల్లు కుడివైపుకు ఊగుతుంది. స్విచ్చిల కింద చెక్కిన మాటలు 'కొద్దిపాటి షాకు' దగ్గర మొదలై, 'ప్రమాదం: తీవ్రమైన షాకు' దాకా వస్తాయి. ఆఖరి స్విచ్చిల కింద మాటలే లేవు, మూడు ఇంటూ గుర్తులు మాత్రం ఉన్నాయి. నమ్మకం కుదరడానికి టీచరుకు ముందుగా 45 వోల్టుల షాకు ఒకటి ఇచ్చి చూపిస్తారు. ప్రయోగం మొత్తంలో నిజమైన షాకు అదొక్కటే.

నా మట్టుకు నాకు మిల్‌గ్రామ్ తెలివంతా ఆ 15 వోల్టుల తేడాలో కనిపిస్తుంది. నేరుగా 450 నొక్కమంటే ఎవడు నొక్కుతాడు? ఇక్కడ ఎవరూ 450 నొక్కమనరు. 195 నొక్కినవాణ్ణి 210 నొక్కమంటారు. కాదనాలంటే, మరి 195 ఎందుకు నొక్కావని తన మనసే తనను అడుగుతుంది. ఆగడమంటే అప్పటిదాకా చేసింది తప్పని ఒప్పుకోవడం. ఏకు మేకవడమంటే ఇదే. అయ్యేదాకా ఎవడికీ తెలియదు.

పక్క గది మనిషి 300 వోల్టుల దగ్గర గోడ బాదుతాడు. 315 తర్వాత చప్పుడే ఉండదు. టీచరు వెనక్కి తిరిగి పరిశోధకుడి మొహం చూస్తాడు. కొనసాగించండి అంటాడు పరిశోధకుడు. గొంతు పెంచడు, బెదిరించడు. ముందుగా రాసిపెట్టుకున్న నాలుగు వాక్యాలు ఒకదాని తర్వాత ఒకటి, అంతే. ఎంతమంది చివరిదాకా వెళ్తారని మిల్‌గ్రామ్ మానసిక వైద్యులను అడిగితే, వెయ్యికి ఒకరు వెళ్తారేమో అన్నారు. 40 మందిలో 26 మంది వెళ్ళారు.

ఈ 65 శాతం 1963లో అచ్చయిన నాటి నుంచి లోకమంతా తిరుగుతోంది. మన వ్యక్తిత్వ వికాస ప్రసంగాల్లో కూడా తరచూ వినిపిస్తుంది, మనలో ప్రతి ఒక్కరిలోనూ ఒక హిట్లర్ ఉన్నాడన్న ముక్తాయింపుతో. ఆ మాట వినడానికి బాగుంటుంది కానీ, మిల్‌గ్రామ్ తేల్చింది అది కాదు. ఆయన ఒక్క ప్రయోగం చేసి ఊరుకోలేదు. అదే ఊరివాళ్ళతో, అదే యంత్రంతో, అదే కూలికి, గదిలో ఒక్కో వస్తువూ జరుపుతూ ఇరవైకి పైగా రకాలుగా చేశాడు. 1974లో వచ్చిన ఆయన పుస్తకంలో అసలు సరుకు అక్కడుంది.

బాధితుణ్ణి పక్క గదిలోంచి అదే గదిలోకి, టీచరుకు రెండు మూడడుగుల దూరానికి తెచ్చాడు. 40 మందిలో చివరిదాకా వెళ్ళినవాళ్ళు 16కు తగ్గారు. బాధితుడి చేతిని టీచరే పట్టుకుని షాకు పలక మీద అదిమిపెట్టాలన్నాడు. 12కు తగ్గారు. పరిశోధకుణ్ణి గదిలోంచి పంపించి ఫోన్‌లో ఆజ్ఞలు ఇప్పించాడు. 9 మందే మిగిలారు. పైగా కొందరు తక్కువ వోల్టుల స్విచ్చి నొక్కుతూ, ఫోన్‌లో మాత్రం పెంచుతున్నామండీ అని చెప్పారు. అబద్ధమాడటానికి సిద్ధపడ్డారు కానీ కాదనడానికి నోరు రాలేదు. పరిశోధకుడి స్థానంలో కోటు లేని మామూలు మనిషి ఉంటే 20 మందిలో నలుగురే విన్నారు. యేల్ పేరు తీసేసి, బ్రిడ్జ్‌పోర్ట్ అనే ఊళ్ళో నాసిరకం ఆఫీసు గదులు అద్దెకు తీసుకుని చేస్తే 19 మంది. ఆడవాళ్ళతో చేస్తే, మగవాళ్ళంత మందే, 26.

ఇంకో రకంలో వోల్టులు ఎంచుకునే స్వేచ్ఛ టీచరుకే వదిలేశారు. చివరి స్విచ్చి దాకా వెళ్ళినవాడు 40 మందిలో ఒక్కడు. దాదాపు అందరూ అవతలివాడు మొదటిసారి గట్టిగా అభ్యంతరం చెప్పే చోటికి మించి వెళ్ళనే లేదు. మనిషి లోపల దాగిన క్రౌర్యం అవకాశం దొరగ్గానే బయటపడిందనే వాదనకు ఈ ఒక్క అంకె చాలు జవాబు.

దూరం ఎంత పని చేస్తుందో మనవాళ్ళకు కొత్తగా చెప్పక్కర్లేదు. సభాపర్వంలో ద్రౌపదిని తీసుకురమ్మని దుర్యోధనుడు పంపిన ప్రాతికామి గుర్తున్నాడా? సభలో ఉన్నప్పుడు రాజు మాటకు బయలుదేరాడు. ఆమె ముందు నిలబడ్డాక ఆమె ప్రశ్నను మోసుకుని సభకు తిరిగొచ్చాడు. చివరికి ఆమెకు ఏమని చెప్పమంటారని సభవారినే అడుగుతూ నిలబడిపోయాడు. వీడికి భీముడంటే భయం అని దుర్యోధనుడు తీసిపారేసి దుశ్శాసనుణ్ణి పంపాడు. భయమే అయ్యుండొచ్చు. కానీ ఆ సభలో ఉన్నవాళ్ళందరిలోనూ ఆమె మొహం చూసి, ఆమె మాట విని వచ్చినవాడు అప్పటికి అతనొక్కడే. భీష్మద్రోణులు కుర్చీల్లో ఉన్నారు.

మిల్‌గ్రామ్ పట్టికలో నన్ను ఎక్కువగా కలవరపెట్టేది మాత్రం దూరం లెక్క కాదు. ఒక రకంలో టీచరు స్విచ్చి నొక్కక్కర్లేదు. పక్కన ఇంకొకడు కూర్చుని నొక్కుతాడు, మనవాడు మాటల జంటలు చదివి, తప్పొప్పులు చూస్తే చాలు. 40 మందిలో 37 మంది చివరిదాకా ఆ పని చేసుకుంటూ పోయారు. ఆ పట్టికలో అంతకు మించిన అంకె లేదు. మనం చేసే ఉద్యోగాల్లో చాలావాటిలో స్విచ్చి మన చేతిలో ఉండదు. మనం జాబితా తయారుచేస్తాం, ఫైలు పైకి పంపుతాం, చలానా రాస్తాం, డేటా ఎంట్రీ చేస్తాం. నొక్కేవాడు వేరే సెక్షన్‌లో ఉంటాడు.

దీనికి ఎదురుగా రెండు అంకెలున్నాయి. పక్కన కూర్చున్న ఇద్దరు తోటి టీచర్లు, వాళ్ళూ పాత్రధారులే, ఒకడు 150 దగ్గర, ఇంకొకడు 210 దగ్గర లేచి పక్కకు వెళ్ళిపోతే, 40 మందిలో నలుగురే చివరిదాకా ఉన్నారు. ఇద్దరు పరిశోధకులు ఉండి, ఒకరు ఆపమని, ఇంకొకరు కొనసాగించమని టీచరు ముందే వాదులాడుకుంటే 20 మందిలో ఒక్కరు కూడా చివరికి పోలేదు. సున్నా నుంచి తొంభై రెండున్నర శాతం దాకా, ఒకే ఊరి మనుషులు. కుర్చీలు మారాయి, అంతే.

'పెద్దల మాట చద్దిమూట' అని పిల్లలకు చెప్పే ఇళ్ళలోనే ప్రహ్లాదుడి కథ కూడా చెబుతాం. తండ్రి మాట, గురువుల మాట రెండూ వినని ఐదేళ్ళ పిల్లవాడు మనకు ఆదర్శం. ఇందులో వైరుధ్యం ఉందని ఏ పిల్లవాడూ అడిగినట్టు నేను వినలేదు. బహుశా ప్రహ్లాదుడి వెనక విష్ణువున్నాడు కాబట్టేమో. పైవాడి మాట కాదనడానికి ఇంకా పైవాడు కావాలి. ఇద్దరు పరిశోధకుల గదిలో జరిగింది కూడా దాదాపు అదే.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. విధేయులు అనగానే మనం మారుమాట్లాడకుండా పనిచేసేవాళ్ళను ఊహించుకుంటాం. ఆ గదిలో అలా జరగలేదు. చెమటలు పట్టాయి, మాట తడబడింది, గోళ్ళు ఒంట్లోకి దిగాయి. మొదటి 40 మందిలో 14 మందికి కంగారు నవ్వు వచ్చింది. ఇది తప్పండీ, అతనికేదో అయిందండీ, ఒకసారి వెళ్ళి చూడండీ అని బతిమాలుతూనే తర్వాతి స్విచ్చి నొక్కారు. నోటితో కాదన్నారు, చేత్తో కానిచ్చారు. అభ్యంతరం చెప్పేస్తే మన బాధ్యత తీరిపోయినట్టు అనిపిస్తుంది. అక్కడే ఉంది మోసం.

ఈ మోసం ప్రయోగాల గదికే పరిమితం కాదు. 2010 మే 22న దుబాయి నుంచి వచ్చిన ఎయిరిండియా ఎక్స్‌ప్రెస్ విమానం మంగళూరు రన్‌వే దాటి లోయలోకి దూసుకుపోయింది. 158 మంది చనిపోయారు, 8 మంది బతికారు. దిగవలసినదానికంటే ఎక్కువ ఎత్తులో విమానం వస్తోందని కోపైలట్ గుర్తించాడు. దిగవద్దు, మళ్ళీ పైకి లేపమని మూడుసార్లు చెప్పాడు. కెప్టెన్ వినలేదు. కోపైలట్ కంట్రోల్స్ తన చేతిలోకి తీసుకోలేదు. ఇది చదివి అతను ఎందుకు లాక్కోలేదని అడగడం తేలిక. విచారణ సంఘం ఆ ప్రశ్న దగ్గర ఆగకపోవడం నాకు నచ్చింది. కెప్టెన్ దిగడం మానుకోకపోవడమే ప్రధాన కారణమని చెబుతూనే, దోహదపడిన కారణాల్లో ఇంకొకటి కలిపింది. దిగడం ఆపించే అధికారం కోపైలట్‌కు ఎంతవరకు ఉందో చెప్పే సూచనల్లోనే స్పష్టత లేదని రాసింది. నోటితో కాదనడం వరకూ అతనికి దారి ఉంది. చేత్తో ఆపే దారి కాగితం మీదే మసకగా ఉంది.

మిల్‌గ్రామ్‌ను నెత్తిన పెట్టుకుని ఊరేగించమని నేను అనను. 1964లోనే డయానా బామ్‌రిండ్ అనే మనస్తత్వవేత్త, నమ్మి వచ్చినవాళ్ళను అంత క్షోభ పెట్టే హక్కు మీకెవరిచ్చారని అడిగింది. న్యాయమైన ప్రశ్న. తర్వాత జీనా పెరీ అనే రచయిత్రి యేల్‌లో భద్రపరిచిన టేపులు విని, పరిశోధకుడు నాలుగు వాక్యాలకు కట్టుబడి ఉండలేదని, కొందరిని అంతకు మించి ఒత్తిడి చేశాడని చూపించింది. షాకులు ఉత్తుత్తివేనని అనుమానించినవాళ్ళూ ఉన్నారు. కాబట్టి 65 అన్న అంకెను తులసి తీర్థంలా పుచ్చుకోనక్కర్లేదు.

కానీ ఆ విమర్శలన్నీ దాటుకుని ఒక సంగతి నిలబడింది. కాలిఫోర్నియాలో జెర్రీ బర్గర్ అనే మనస్తత్వవేత్త ఈ ప్రయోగాన్ని 150 వోల్టుల దగ్గర ఆపేసి, కాస్త మానవీయంగా మళ్ళీ చేశాడు. 2009లో ప్రచురించాడు. నూటికి 70 మంది ఆ గీత దాటడానికి సిద్ధపడ్డారు. అందులో నాకు ఆసక్తి కలిగించింది వేరు. ఆ నాలుగు వాక్యాల్లో చివరిది అచ్చమైన హుకుం, మీకు వేరే దారి లేదు, చేసి తీరాలని. బర్గర్ ప్రయోగంలో ఆ నాలుగో వాక్యం దాకా వచ్చినవాళ్ళు ఒక్కరు కూడా ముందుకు పోలేదు. ప్రయోగానికి ఇది అవసరం అంటే విన్నవాళ్ళు, నీకు దిక్కు లేదు అంటే లేచారు. మనిషి బెదిరింపుకు లొంగుతాడని మనం అనుకుంటాం. సహకారం అడిగితే ఇంకా బాగా లొంగుతాడు.

ఇక ముందు రెండు వరసలూ నింపేసిన నర్సింగ్ పిల్లల దగ్గరికొస్తాను, మీకోసమే దాచుకున్నది ఇది. 1966లో చార్లెస్ హోఫ్లింగ్ అనే అమెరికన్ వైద్యుడు, ఆయన సహచరులు ప్రచురించిన ప్రయోగం. సాయంత్రం వేళ వార్డులో నర్సు ఒంటరిగా ఉంటుంది. ఫోన్ మోగుతుంది. తెలియని గొంతు, ఫలానా డాక్టర్ని అంటుంది. ఫలానా పేషెంటుకు ఆస్ట్రోటెన్ 20 మిల్లీగ్రాములు ఇవ్వండి, పది నిమిషాల్లో వచ్చి సంతకం పెడతాను. అలమారలో డబ్బా ఉంది. గరిష్ఠ మోతాదు 10 మిల్లీగ్రాములని దాని మీదే రాసి ఉంది. ఫోన్ మీద మందు ఇవ్వకూడదని ఆస్పత్రి నియమం. 22 మందిలో 21 మంది మందు తీసుకుని మంచం వైపు నడిచారు. తలుపు దగ్గర వేరే డాక్టరు ఆపేశాడు. ఆ మందు ఉత్త చక్కెర బిళ్ళ. ఇదే పరిస్థితిని కాగితం మీద రాసి నర్సింగ్ విద్యార్థినులు 21 మందిని అడిగితే, మేం ఇవ్వమని అందరూ చెప్పారు. మీరూ అదే చెబుతారు. వాళ్ళు అబద్ధమాడలేదు, మీరూ ఆడరు. కాగితం ముందు కూర్చున్నవాళ్ళు వేరు, ఫోన్ పట్టుకున్నవాళ్ళు వేరు.

మిల్‌గ్రామ్ దగ్గర ఫోన్ వల్ల విధేయత తగ్గింది. ఇక్కడ ఫోన్‌లోనే దాదాపు అందరూ విన్నారు. ఎందుకిలా? యేల్‌లో ఫోన్ చేసినవాడు గంట పరిచయం, రేపు కనబడడు. వార్డులో ఫోన్ చేసినవాడి వెనక రేపటి రౌండ్స్ ఉన్నాయి, చీఫ్ ఉన్నాడు, మేట్రన్ ఉంది. గొంతు ఒకటే వచ్చినా ఆస్పత్రి మొత్తం మాట్లాడింది. అందుకే పరిస్థితి అంటే దినుసుల పట్టీ అనుకుని, ఫోన్ ఉంటే ఇంత, దూరం ఉంటే ఇంత అని కూడికలు వేసేవాళ్ళను చూస్తే నాకు నవ్వొస్తుంది.

1977లో ర్యాంక్, జేకబ్సన్ అనే ఇద్దరు దీన్ని కొద్దిగా మార్చి చేశారు. మందు నర్సులకు బాగా తెలిసిన వేలియం. మోతాదు ఎక్కువ. తోటి నర్సులతో మాట్లాడుకునే వీలుంది. 18 మందిలో 16 మంది ఇవ్వలేదు. మందు గురించి తెలిసి ఉండటం, పక్కన అడగడానికి ఒక సిస్టర్ ఉండటం, ఈ రెండూ మారాయి. రెండేళ్ళలో మీలో చాలామంది నైట్ డ్యూటీలో ఒంటరిగా ఉంటారు. వార్డుకు ఒక్క స్టాఫ్ నర్సునే వేసే ఆస్పత్రి యాజమాన్యం జీతం ఒకటి మిగిలిందనుకుంటుంది. పోయింది ఆ రెండో సిస్టర్.

ఆఫీసుల్లో ఉన్నవాళ్ళు కూడా సభలో కనిపిస్తున్నారు కాబట్టి ఫోన్ గురించి ఇంకొక్క మాట. రిటైరైన ఉన్నతాధికారులు, మాజీ కేబినెట్ సెక్రటరీ టి.ఎస్.ఆర్. సుబ్రమణియన్ ముందుండి, సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 2013 అక్టోబర్ 31న తీర్పు వచ్చింది. అధికారులు నోటిమాట ఆదేశాల మీద పనిచేయకూడదు, వాటిని కాగితం మీద పెట్టాలని కోర్టు చెప్పింది. అఖిల భారత సర్వీసుల ప్రవర్తనా నియమావళి మూడో నియమంలో ఆ మాట అప్పటికే ఉంది. పైఅధికారి ఆదేశం మామూలుగా రాతపూర్వకంగానే ఉండాలి, తప్పనిసరై నోటితో చెబితే వెంటనే రాసి ధ్రువీకరించాలి, కింది అధికారి ఆ ధ్రువీకరణ అడగాలి అని.

మంచి నియమమే. మంగళూరు విమానంలో మసకగా ఉన్న దారిని ఇక్కడ ఎవరో స్పష్టంగా గీశారు. అయితే అడిగే పని ఎవరి మీద పెట్టారో చూడండి. బదిలీ ఎవరి చేతిలో ఉందో, వార్షిక నివేదిక ఎవరు రాస్తారో, ఆయన్ను అడగాలి. దాంతో నోట్ ఫైల్లో 'చర్చించిన మేరకు' అని రాసుకునే అలవాటు వచ్చింది. ఎవరితో చర్చించారో ఫైలు చెప్పదు. ఈమధ్య కొందరు తెలివిగా, "సార్, ఆ ఒక్క ముక్క మెసేజ్ పెట్టండి సార్" అంటున్నారట. మెసేజ్ పెట్టమంటే మళ్ళీ ఫోనే వస్తోందట.